ఖాతా లేని పనివాళ్లు

ఈమధ్య ఒక మిత్రుడు నాతో వాదిస్తూ, "పాత బట్టల దుకాణాలు మూతబడుతున్నాయి. వాటితోపాటు ఒక మానవ సంబంధం కూడా పోతున్నది. అక్కడ యజమానీ గుమాస్తా ఒక కుటుంబంలాగా బతికారు. ఈ పెద్దపెద్ద షోరూముల్లో ఆ ఆత్మీయత ఏదీ?" అన్నాడు. ఈ అభిప్రాయం ఆయన ఒక్కడిదే కాదు. జ్ఞాపకాల వ్యాసాల్లోనూ, అడపాదడపా కథల్లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఇందులో నిజమెంతో తేల్చటానికి నాకు కొంచెం అర్హత వుందనుకుంటాను. నేను అలాంటి దుకాణంలో ఇరవై అయిదేళ్లు పనిచేశాను. ఆ దుకాణం మాదే.

1971లో బి.ఎ. పరీక్షలు రాసి ఇంటికి వచ్చాను. మాది తెనాలి. "ఫలితాలు వచ్చేదాకా ఖాళీగా వుండటం దేనికి, దుకాణంలో కూచో" అన్నారు మా నాన్నగారు. ఫలితాలు వచ్చాయి. ప్యాసయ్యాను కూడా. కాని దుకాణంలోంచి లేవలేదు. అన్నయ్య నాకంటే నాలుగేళ్లు ముందే అక్కడ కూచున్నాడు. సొంత వ్యాపారంలో ఉద్యోగం ఇలాగే వస్తుంది. దరఖాస్తు వుండదు, నియామకం వుండదు, జీతం వుండదు.

ఆ రోజుల్లో దుకాణంలో కూచోవటమంటే నిజంగా కూచోవటమే. గది నిండా పరుపులు, వాటిమీద తెల్లదుప్పట్లు. కొనేవాళ్లు చెప్పులు కింద వదిలి పరుపెక్కేవారు. గుమాస్తా వాళ్లకెదురుగా కూచుని, వెనక బీరువాలోంచి తానులు లాగి పరిచేవాడు. పాప్లిను, మల్లు, వాయిలు, జాకెట్టు గుడ్డలు, పంచెల చాపులు. ఒక పెళ్లిబేరం ముగిసేసరికి మోకాటిలోతు గుడ్డ పోగుపడేది. బేరం కుదిరినా కుదరకపోయినా అదంతా మళ్లీ మడతపెట్టాలి. బట్టల వ్యాపారమంటే అమ్మటమని బయటివాళ్లు అనుకుంటారు. ముప్పాతికవంతు మడతపెట్టటమేనని నాకు మొదటి యేడే తెలిసింది.

మడతపెట్టటం, కొలవటం నాకు నేర్పినవాడు మా పెద్దగుమాస్తా. ఆయన 1965లో పనిలో చేరాడు. నేను "బాబాయ్" అనేవాణ్ణి. ఆయన నన్ను "చిన్నబాబూ" అనేవాడు. మీటరు బద్దకు గుడ్డను బిగలాగి కొలిస్తే తాను చివర ఎంతో కొంత మిగులుతుంది. ఆ మిగులు దుకాణానిది. బాబాయి లాగేవాడు కాదు. పైపెచ్చు కత్తెర వేసేచోట బొటనవేలు వెడల్పున గుడ్డ అదనంగా వదిలేవాడు. నాన్నగారు గల్లాపెట్టె దగ్గర్నుంచి చూసి గొణిగేవారు. అయితే పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు గుమ్మంలో నించుని, ముందు బాబాయి వున్నాడా అని అడిగేవారు. లేకపోతే, "రేపొస్తాం లెండి" అని వెళ్లిపోయేవారు. అంచేత నాన్నగారి గొణుగుడు గొణుగుడుగానే వుండిపోయింది. ఏ రాత్రివేళో ఎవరింట్లోనో మనిషి పోయాడని తెలిస్తే, లేచివచ్చి దుకాణం తెరిచి కోరాగుడ్డ చించి ఇచ్చేవాడు కూడా బాబాయే. దానికి బేరం లేదు. పద్దు మర్నాడు.

మా నాన్నగారు చెడ్డవారని నేను చెప్పబోవటం లేదు. అలా చెబితే సమస్య చాలా తేలికైపోతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. రేపల్లె వైపు తీరగ్రామాల నుంచి మాకు పాత ఖాతాదార్లు వుండేవారు. కొన్ని కుటుంబాల్లో బాకీ తీర్చే మనిషే మిగల్లేదు. పదిహేను రోజుల తర్వాత నాన్నగారు ఆవర్జా పుస్తకం తెప్పించుకుని, ఆ పేజీలకు అడ్డంగా గీతలు గీసి, ప్రతి పేజీలోనూ "చెల్లు" అని రాశారు. రాస్తున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడలేదు. అది నేను కళ్లారా చూశాను.

ఆయనే బాబాయి జీతం పెంచటానికి మూడేళ్లు ఆలోచించారు. ఈ రెండింటికీ పొందిక ఎలా కుదురుతుంది? నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఇప్పుడు ఇలా అనుకుంటాను: చనిపోయినవాడి బాకీ పుస్తకంలో రాసివుంది, కనిపిస్తుంది కాబట్టి జాలిపడవచ్చు. బతికివున్నవాడికి మనం ఇవ్వకుండా వుంచుకున్నది ఏ పుస్తకంలోనూ రాసి వుండదు.

అసలు మా దుకాణం ఎలా నడిచేదో చెప్పాలి. డెల్టా రైతు వైశాఖంలో కూతురి పెళ్లికి బట్టలు తీస్తాడు. డబ్బు సంక్రాంతికి, వడ్లు అమ్మాక. అంటే ఎనిమిది నెలల ఉద్దర. మేం గుంటూరు హోల్‌సేలు వర్తకుడి దగ్గర తెచ్చే సరుక్కి గడువు రెండు నెలలు. అది దాటితే వడ్డీ. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. అలవాటైన మిల్లు సరుకు తగ్గి, దాని చోటికి మరమగ్గాల గుడ్డా, సూరత్ చీరలూ వచ్చాయి. కొత్త వర్తకుల దగ్గర మాకు పాత పరపతి లేదు. గడువు ఇంకా కుదించుకుపోయింది. ఈ ఆరునెలల సందును ఎవరు పూడ్చారు? మా నాన్నగారి తెలివితేటలు పూడ్చాయని మేమంతా అనుకునేవాళ్లం. నిజానికి పూడ్చింది జీతంలేని మా పనీ, చాలీచాలని జీతానికి గుమాస్తాలు చేసిన పనీ. అప్పిచ్చిన వర్తకుడు ఆగడు, ఉద్దర తీసుకున్న రైతు ముందుగా ఇవ్వలేడు. ఆగగలిగినవాళ్లు ఇంటిమనుషులే. బాబాయిని "ఇంటిమనిషి" అనటంలో వున్న ఆర్థికార్థం ఇదే.

1978లో దుకాణం బాగుచేయించాం. పరుపులు తీసేసి గాజుపలకల కౌంటరు పెట్టించాం. కొనేవాళ్లకు స్టూళ్లు వేశాం. లోపలివైపు స్టూళ్లు వేయాలన్న ఊహ మాకెవరికీ రాలేదు. ఆనాటి నుంచి గుమాస్తాలు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదింటిదాకా నించునేవారు. అయిదారేళ్లకు బాబాయి పిక్కల మీద నరాలు నల్లగా వానపాముల్లా ఉబ్బాయి. రాత్రి దుకాణం కట్టేశాక ఆయన మెట్టుమీద కూచుని కాళ్లు పిసుక్కోవటం నాకు బాగా గుర్తు. నేనూ నించున్నాను, కాని అలసినప్పుడు గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి కూచునేవాణ్ణి. యజమాని కొడుక్కీ గుమాస్తాకీ వున్న తేడా ఒక్క కుర్చీ అని అప్పుడే గ్రహించి వుండవలసింది.

వారానికో సెలవు ఇవ్వాలని దుకాణాల చట్టం 1966లోనే చెప్పింది. మా దుకాణానికీ ఆదివారం సెలవే. తలుపులు ఓరగా వేసి, లోపల సరుకు సర్దుకునేవాళ్లం. "ఇవాళ పని లేదు, కాస్త సాయానికి రావోయ్" అని బాబాయికి కబురు వెళ్లేది. పని అయితే కూలి అడగవచ్చు. సాయానికి కూలి ఏమిటి? సంక్రాంతి నెలలో మేనత్తకొడుకులు వచ్చి నెలంతా కౌంటరు దగ్గర నించునేవారు. అదీ సాయమే. మా అమ్మ రాత్రిళ్లు చీరలకు అంచులు కుట్టేది, మిగిలిన ముక్కలతో సంచులు కుట్టేది, పెళ్లిళ్ల రోజుల్లో గుమాస్తాలందరికీ వండి కారియర్లు పంపేది. ఆమె చేసినది సాయం అని కూడా ఎవరూ అనలేదు.

1989లో నాన్నగారు పోయారు. పుస్తకాలు నా చేతికి వచ్చాయి. బాబాయి ఖాతా తీసి చూశాను. జమవైపు నెలనెలా జీతం. ఖర్చువైపు దసరాకు చీర, సంక్రాంతికి పంచెల చాపు, కూతురి పెళ్లికి మధుపర్కాలు. ఆ బట్టలన్నీ నాన్నగారు పళ్లెంలో పెట్టి, తాంబూలంతో తమ చేత్తో ఇవ్వటం నేను చూశాను. అవి కానుకలనుకున్నాను. బాబాయి కూడా కళ్లకద్దుకుని తీసుకున్నాడు. పుస్తకంలో అవి బాకీలు. కొన్న ధరకే వేశారు, పైసా లాభం వేసుకోలేదు. నాన్నగారి దృష్టిలో అదే ఔదార్యం కావచ్చు.

తర్వాత నా ఖాతా వెతికాను. లేదు. అన్నయ్యకు లేదు. అమ్మకు లేదు. పద్ధెనిమిదేళ్ల నా పనికి ఆ పుస్తకాల్లో ఒక్క అక్షరం లేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం నా గురించే వచ్చిందని, బాబాయి ఖాతా చూసినప్పుడు రాలేదని చాలా ఆలస్యంగా గుర్తించాను. ఆ తర్వాత ఏడేళ్లు యజమానిని నేనే. బట్టలు బాకీలు వేసే పద్ధతి మానేశాను. అంతకుమించి ఏమీ మార్చలేదు.

1996లో దుకాణం ఇచ్చేశాం. రెడీమేడు బట్టల వ్యాపారి ఒకాయన సరుకు వెల కాక, గుడ్‌విల్ కింద 1,20,000 రూపాయలు ఇచ్చాడు. ఊళ్లో ఆ దుకాణానికున్న మంచిపేరుకు ఆ ధర. ఆ పేరు ఎవరు తెచ్చారు? గుమ్మంలో నించుని బాబాయి వున్నాడా అని అడిగిన ఆడవాళ్లకు అది తెలుసు. బాబాయి జీతం అప్పటికి 900. ఆయనకు 5,000 రూపాయలూ, ఒక పంచెల చాపూ ఇచ్చాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఆ రాత్రి, బాబాయికి న్యాయం చేశానన్న తృప్తితో నిద్రపోయాను.

కొన్నేళ్ల తర్వాత, కార్మికుల కేసులు చూసే ఒక న్యాయవాది మాటల సందర్భంలో గ్రాట్యుటీ లెక్క చెప్పారు. 1972 చట్టం ప్రకారం, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం. నెలకు ఇరవై ఆరు పనిదినాల లెక్కన. ఇంటికి వచ్చి కాగితం మీద వేసుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లకు బాబాయికి సుమారు 16,000 రావాలి. అయితే ఆ చట్టం దుకాణాలకు వర్తించాలంటే కనీసం పదిమంది ఉద్యోగులు వుండాలి. మా దుకాణంలో ముగ్గురు గుమాస్తాలు, లెక్కలు రాసే ఆయన, ఇద్దరు కుర్రాళ్లు, మొత్తం ఆరుగురు. చట్టరీత్యా బాబాయికి మేం దమ్మిడీ ఇవ్వనక్కర్లేదు.

నాకు ఊరట కలగవలసింది. కాని నా చెయ్యి ఆగకుండా ఇంకో లెక్క వేసింది. నాన్నగారు, అన్నయ్య, నేను, అమ్మ. ఆరూ నాలుగూ పది. పదిమంది చేసే పని అక్కడ జరుగుతూనే వుంది. కాని మా నలుగురికీ జీతం లేదు, జీతం లేనివాడు చట్టం దృష్టిలో ఉద్యోగి కాడు. నాకు అన్యాయం జరిగిందని నేను కోపగించుకున్న ఆ ఖాళీ పేజీయే బాబాయి ముందు తలుపు మూసింది. కొడుకులం ముగ్గురు జీతగాళ్ల పని వూరికే చేశాం కనుకనే ఆ ముగ్గురినీ పెట్టుకోనక్కరలేకపోయింది. మేం నష్టపోయామన్నది నిజమే. మా నష్టం చివరికి గుడ్‌విల్‌తో సహా మా ఇంటికే తిరిగివచ్చింది. ఆయన నష్టం ఆయనింటికి రాలేదు.

2025 నవంబరు 21 నుంచి 1972 చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. పదిమంది హద్దు మాత్రం అలాగే వుంది. కాబట్టి ఇది గతించిన విషయం కాదు.

ఇక నా మిత్రుడు తిట్టిన షోరూముల సంగతి. అక్కడ నించునే ఆడపిల్లల కాళ్లు చూస్తే నాకు బాబాయి కాళ్లే గుర్తొస్తాయి. ఆత్మీయత అక్కడ లేదనటం కూడా సరి కాదు. అక్కడి యజమాన్యాలూ "మనదంతా ఒకే కుటుంబం" అనే అంటాయి. తేడా ఎక్కడుందంటే, కేరళలో చీరల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు ఆ మాటకు లొంగలేదు. పనివేళల్లో కూచునే హక్కు కోసం ఆందోళన చేశారు. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా సవరించింది. కూచోవటానికి ఒక చట్టమా అని నవ్వినవాళ్లు వుండే వుంటారు. నేను నవ్వలేను. మా దుకాణంలో ఒక స్టూలు ఖరీదు ఎంతో నాకు తెలుసు. కొనేవాళ్ల కోసం ఎనిమిది కొన్నాం.

బాబాయి 2009లో పోయాడు. పదో రోజున వెళ్లాను. నాకు తోచిన లెక్క ప్రకారం బాకీ మొత్తం ఒక కవరులో పెట్టి తీసుకెళ్లాను. పిన్ని దాన్ని ముట్టుకోలేదు. "ఇదేమిటి బాబూ? మీ నాన్నగారు మమ్మల్ని ఎన్నడూ పరాయివాళ్లుగా చూడలేదు" అన్నది. ఆమె మాట పూర్తిగా నిజం. పరాయివాళ్లుగా చూసివుంటే లెక్క తేల్చివుండేవాళ్లం. ఆ మాట ఆ ఇంట్లో, ఆ రోజున, నా నోటివెంట రాలేదు. కవరు ఆమె కొడుకు చేతిలో పెట్టి, అది సాయం కాదు, జీతం బాకీ అని చెప్పి వచ్చాను. అతను నమ్మాడో లేదో తెలియదు.

కుటుంబ వ్యాపారాల గురించి రాసే రచయితలను నేను కోరేది ఒకటే. ఆత్మీయతను రాయండి, అది అబద్ధం కాదు. కాని రాసేముందు ఆ ఇంటి ఆవర్జా పుస్తకం ఒకసారి తెప్పించుకోండి. అందులో ఎవరికి ఖాతా వుందో, ఎవరికి లేదో, కానుకలు ఏ వైపు రాసి వున్నాయో చూడండి.