డ్యూటీ రూము కబుర్లు

"ఆసుపత్రికి వెళ్ళి చూద్దును కదా, నర్సులంతా ఓ గదిలో చేరి ఒకటే కబుర్లండీ!" ఈ ఫిర్యాదు పెళ్ళిపందిళ్ళలో విన్నాను, రైలుపెట్టెల్లో విన్నాను. మా ఆడపడుచు నోట పండక్కోసారి వింటూనే ఉంటాను. 30 ఏళ్ళు సిస్టరుగా చేసి రిటైరయినదాన్ని. ఇక ఎవరూ మెమో ఇచ్చి భయపెట్టలేరు గనక ఆ కబుర్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

పొద్దున్న 8 గంటలకి రాత్రి డ్యూటీ వాళ్ళు పగటి వాళ్ళకి వార్డు అప్పజెబుతారు. కేసు షీటులో అన్నీ ఉంటాయి. జ్వరమెంత, బి.పి. ఎంత, ఏ మందు ఎప్పుడిచ్చారు, అన్నీ. "నొప్పి లేదన్నారు" అని కూడా ఉంటుంది. కాని రాత్రి సిస్టరు బ్యాగు భుజాన తగిలించుకుంటూ, "అక్కా, 7వ బెడ్డు మామ్మగారు నొప్పి ఉన్నా లేదంటారు. మందుల బిల్లు కొడుకు నెత్తిన పడుతుందని బెంగ. ఆవిడ మాట వినకు, మొహం చూడు" అంటుంది చూశారూ, ఆ ముక్క ఏ గడిలో రాస్తారు చెప్పండి?

నేను చాలాకాలం ఉన్నది ఎముకల వార్డు. మోకీళ్ళ ఆపరేషనయినవాళ్ళని తొందరగా లేపి నడిపించాలి. నడిపించేది ఫిజియోథెరపీ అబ్బాయి, నొప్పి మాత్ర ఇచ్చేది మేము. అతను 9కి వచ్చి, మేము 10కి మాత్ర ఇచ్చామనుకోండి. ఎవరి పని వాళ్ళు తప్పులేకుండా చేసినట్టే. మధ్యలో ఏడ్చేది మామ్మగారు! మా అబ్బాయి టీ దగ్గర కూర్చుని "సిస్టర్, రేపు 9కే వస్తాను" అనేవాడు. మేము 8 దాటగానే మాత్ర వేసేవాళ్ళం. మామ్మగారు కొత్తకోడల్లా అడుగులో అడుగు వేసుకుంటూ వరండా దాకా వెళ్ళొచ్చేవారు.

ఇదంతా నా సొంత గొప్ప అనుకునేరు! అమెరికాలో జోడీ గిట్టెల్ అని ఒక ప్రొఫెసరమ్మ ఉంది. మొదట విమాన కంపెనీల్లో పనివాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో చూసింది. తర్వాత 9 ఆసుపత్రుల్లో మోకీళ్ళు, తుంటికీళ్ళు మార్పించుకున్నవాళ్ళని పరిశీలించి, 2000లో తోటివారితో కలిసి ఆ వివరాలు అచ్చువేయించింది. డాక్టరూ, నర్సూ, ఫిజియోథెరపిస్టూ తరచుగా, వేళకి, ఒకరిమీద ఒకరు గౌరవంతో మాట్లాడుకునే చోట రోగులకి నొప్పి తక్కువట, ఇంటికీ తొందరగా వెళ్ళారట. మా ఆడపడుచుకి చెబితే "అమెరికా నర్సులు వేరు" అని తేల్చేసింది.

అన్ని కబుర్లూ మంచివని నేననను. సెలవులో ఉన్న సిస్టరు కాపురం గురించి గుసగుసలు కూడా ఆ గదిలోనే విన్నాను. ఆవిడ డ్యూటీకి వచ్చాక వారం రోజులు ఎవరూ ఏదీ సరిగ్గా అప్పజెప్పలేదు.

గౌరవం అన్న మాట ప్రొఫెసరమ్మ ఊరికే వెయ్యలేదు. మా వార్డులో ఒక ఆయా ఉండేది. అక్షరమ్ముక్క రాదు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పినప్పుడు ఆమెనీ పక్కన కూర్చోబెట్టుకునేవాళ్ళం. కొందరికి అది కిట్టేది కాదు, పోనివ్వండి. ఒకరోజు దుప్పట్లు మారుస్తూ మారుస్తూ పరుగున వచ్చింది. "సిస్టరమ్మా, ఆ 3వ బెడ్డు ఆవిడ పిక్క నిన్నటిలా లేదమ్మా. బిగుసుకుపోయి కాలుతోంది" అంది. వెళ్ళి చూసి డ్యూటీ డాక్టరుకి ఫోను చేశాను. కుర్రవాడు, రాత్రంతా నిద్ర లేదు. అయినా విసుక్కోకుండా వచ్చాడు. స్కాను తీస్తే రక్తనాళంలో గడ్డ! అది కదిలి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికి వచ్చేది. ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టారు. ఆవిడ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

మర్నాడు అన్నాల దగ్గర ఆయాని మెచ్చుకుంటే తలొంచుకుంది. అంతకుముందు వేరే వార్డులో చేసేదట. అక్కడ ఇలాగే ఏదో చెప్పబోతే "నీ పని నువ్వు చూసుకో" అన్నారట. ఆ తర్వాత ఏం కనబడినా నోరు విప్పలేదట.

"ఏం కనబడిందమ్మా?" అని అడిగాను.

చెప్పలేదు. గిన్నె పట్టుకుని కుళాయి దగ్గరకి లేచి వెళ్ళిపోయింది.