అజీజియాలో ఎడమవైపు చప్పుడు

దోహా దగ్గరి అల్ అజీజియాలో ఇళ్ల కాంపౌండు గోడలు నిలువెత్తుకు మించి ఉంటాయి. లోపల ఎవరున్నారో, ఏం వండుకుంటున్నారో వీధికి తెలియదు. ఆ గోడల మధ్య సందులోంచి బండి వెళ్తే మాత్రం దాని ఇంజన్లో ఉన్న లోటంతా బయటపడుతుంది. రెండు గోడలూ చప్పుడును ఒకదాని మీదికొకటి విసురుతాయి. మా బావ మోటారు సైకిలుకు ఎడమవైపు ఏదో తేడా ఉందని నాకు తెలిసింది అలాగే. గేటు దగ్గర స్టార్ట్ చేసి సందు చివరి మసీదు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. వెళ్లేటప్పుడు ఎడమవైపు నాకు ఎదురుగా ఉంది. ఇంజన్ ధ్వని కింద మరో ధ్వని. ముందు గలగల, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ సన్నటి కూత.

"విన్నావా? ఏడాదిగా ఇదే గోల బావా. చైను మార్పించా, టెన్షనర్ మార్పించా, ఆయిలు మార్పించా. వారం బాగుంటుంది, మళ్లీ మొదలు" అన్నాడు.

దోహాలో చూడాల్సినవి చాలా ఉన్నాయని అక్క జాబితా రాసి పెట్టింది. ఐ.ఎం. పే కట్టిన ఇస్లామిక్ కళల మ్యూజియం, జాన్ నువెల్ కట్టిన జాతీయ మ్యూజియం, సూక్ వాకిఫ్ అన్నీ చూశాను, అన్నీ గొప్పవే. అజీజియా పక్కనే ఆస్పైర్ పార్కు. సాయంత్రం అక్కడ నడుస్తుంటే 2006 ఆసియా క్రీడల కోసం కట్టిన 300 మీటర్ల టార్చ్ టవరు ఎటు తిరిగినా కనబడేది. ఇంత ఎడారి దేశంలో ఆ పచ్చగడ్డి మీద పిల్లలు పొర్లుతుంటే చూడ్డం నాకు టవరుకన్నా బాగుంది. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది సనయ్యాలో కలిసిన మెకానిక్ కోరుట్ల అన్న గురించి.

అజీజియా నుంచి సల్వా రోడ్డెక్కి సౌదీ సరిహద్దు అబూ సమ్రా వైపు పోతుంటే కొంతదూరంలో ఇండస్ట్రియల్ ఏరియా వస్తుంది. అక్కడ మనవాళ్లెవరూ ఇండస్ట్రియల్ ఏరియా అనరు, సనయ్యా అంటారు. వీధులను నంబర్లతోనే పిలుస్తారు. లారీల బాడీలు, క్రేన్లు, వెల్డింగు మెరుపులు, దుమ్ము, కార్మికుల బసలు. నేను విజయవాడ ఆటోనగర్ చుట్టూ తిరుగుతూ పెరిగినవాణ్ని. సనయ్యాలో దిగగానే ముక్కుకు తగిలిన గ్రీజు, కాలిన రబ్బరు, డీజిలు కలిసిన వాసన నాకు కొత్త కాదు. 2020 మార్చిలో కరోనా పాకినప్పుడు ఒకటో వీధి నుంచి ముప్పై రెండో వీధి దాకా మూసేశారు. లోపలివాళ్లు లోపలే. ఆ రోజుల్లో కోరుట్ల అన్న కూడా లోపలే ఉన్నాడట. దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. "గదిల ఎనిమిది మందిమి. రొట్టె వొచ్చేది, పైసలు రాకపోయేది" అని ఊరుకున్నాడు.

ఆయన షెడ్డు పెద్దదేం కాదు. రెండు బండ్లు పట్టే లిఫ్టు, గోడకు వేలాడే పానాలు, మూలన కాఫీ రంగు నూనె డబ్బాలు. ఎదురుగా మలబారు వాళ్ల టీ కొట్టు. రోడ్డు మీద కారాపి హారన్ కొడితే కుర్రాడు కరక్ చాయ్ తెచ్చి కిటికీలోంచి ఇస్తాడు. పాలు బాగా మరిగించి, ఏలకులు దంచి వేసిన ఆ చాయ్ మన ఇరానీ చాయ్‌కి ఏం తక్కువ కాదని నా అభిప్రాయం. కారు దిగనక్కర్లేని పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు. చాయ్ అంటే కొట్టు ముందు నిలబడి తాగాలి. కోరుట్ల అన్న కూడా అలాగే తాగుతాడు, గ్లాసు చేతిలో పట్టుకుని రోడ్డు మీద నిలబడి.

బావ బండిని తీసుకెళ్తే వెంటనే ముట్టుకోలేదు. స్టార్ట్ చేయమన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, కొస ఎడమ కవరు మీద ఆనించి, పిడిని చెవికి అదుముకున్నాడు. మా అమ్మమ్మ కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వినే తీరు గుర్తొచ్చింది. కవరు ముందు భాగంలో ఒకసారి, మధ్యన ఒకసారి, వెనక క్లచ్ దగ్గర ఒకసారి. తర్వాత బావ వైపు తిరిగి "క్లచ్ గుంజుండ్రి సార్" అన్నాడు. లివర్ లాగినా చప్పుడు మారలేదు. "గట్లయితే క్లచ్ బేరింగు కాదు" అని తల ఊపాడు. లివర్ లాగగానే మొదలయ్యే చప్పుడైతే రిలీజ్ బేరింగు వైపు చూడాలి, లాగగానే పోయేదైతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు వైపు. ఇది రెండూ కాదు. తర్వాత తనే ఎక్కి వీధి చివరిదాకా నడిపాడు. వేగంగా వెళ్తూ క్లచ్ పట్టి, ఇంజన్ని ఐడిల్‌కి వదిలేశాడు. బండి అదే వేగంతో దొర్లుతోంది, కూత ఆగిపోయింది. అంటే అది చక్రంతో పోయే చప్పుడు కాదు, వెనక బెల్టుదీ కాదు. ఇంజన్ తిరుగుడుతో పెరిగి, దానితోనే తగ్గేది.

"ప్రైమరీల్నే ఉన్నది. గని ఇయ్యాల ఇప్ప. ఇంజన్ మస్తు కాలింది. రాత్రి ఈన్నే ఉంచి పోండ్రి, పొద్దుగాల సల్లగున్నప్పుడు ఇప్పుత."

బావకు అర్థం కాలేదు. ఇంతకుముందు చూసినవాళ్లు బండి రాగానే కవరు విప్పి బిగించి పంపేవాళ్లు.

ప్రైమరీ డ్రైవు అంటే బండి నడిచేటప్పుడు మనకు కనబడని చైను. ఇంజన్ క్రాంకు కొసన ఒక పళ్ల చక్రం, వెనక క్లచ్ డ్రమ్ముకు మరొకటి, రెంటి మధ్యా చైను. నూనెలో మునిగి తిరుగుతుంది. ఇంజన్ ఇచ్చే తిప్పుడంతా ముందు దీని మీదుగానే గేర్‌బాక్సుకు చేరుతుంది. ఈ రకం చైనుకు మూలమైన బుష్ రోలర్ చైనును స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో కార్ఖానా పెట్టిన హాన్స్ రెనాల్డ్ 1880లో కనిపెట్టాడు. అప్పటికి పెట్రోలు మోటారు సైకిలు లేదు, బట్టల మిల్లు యంత్రాల కోసం చైన్లు కావాలి. మన బుల్లెట్టుకూ ఇదే పద్ధతి. 1932లో ఇంగ్లండులో ఆ పేరుతో మొదలై, 1950లలో మద్రాసుకొచ్చిన బండి. నాకున్న పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్టుకు ఎడమ కవరు మధ్యలో ఒక్క నట్టు ఉంటుంది. దాన్ని తీస్తే లోపలంతా కళ్ల ముందుంటుంది. బావ బండి అమెరికా పెద్ద వి-ట్విన్, కవరుకు చుట్టూ స్క్రూలు.

చల్లబడే దాకా ఎందుకాగాలంటే, కవరూ ఇంజన్ కేసూ అల్యూమినియం, చైను ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. ఇంజన్ కాలినప్పుడు రెండు పళ్ల చక్రాల మధ్య దూరం పెరిగి చైను బిగుస్తుంది, చల్లబడితే వదులవుతుంది. టెన్షనర్ చేత్తో సర్దే పాత పెద్ద వి-ట్విన్‌లకు చల్లగా ఉన్నప్పుడు చైను ఆట 16 నుంచి 22 మిల్లీమీటర్లు, వేడిగా ఉన్నప్పుడు 10 నుంచి 16 ఉండాలి. సల్వా రోడ్డు మీద కాలి వచ్చిన బండిని చల్లటి లెక్కకు సర్దితే, తెల్లారేసరికి చైను మరీ జారి గలగలలాడుతుంది. పొద్దున గలగల ఎక్కువగా ఉందన్న బావ ఫిర్యాదుకు ఇది సగం జవాబు. కూతకు కాదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. ఆయన అప్పటికే స్పార్క్ ప్లగ్గులు తీసి ఉంచాడు. ముందు నూనె దించాడు. డ్రెయిన్ బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. దాని మీద పేరుకున్న బూడిదరంగు ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూశాడు. "పలుకులు లెవ్వు. మంచిదే" అన్నాడు. అంటే ఏ బేరింగూ పగల్లేదు, ఏ పన్నూ విరగలేదు. అది విన్నాక బావ ముఖంలో కాస్త రక్తం వచ్చింది.

కవరు ఊడదీసి, పై గేరులో వేసి, వెనక చక్రం చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ చైనును వేలితో పైకి లేపి చూశాడు. ఒకచోట 20 మిల్లీమీటర్లు, ఇంకొంచెం తిప్పితే 24, మళ్లీ తిప్పితే 18. చైను అన్నిచోట్లా ఒకేలా సాగదు కాబట్టి ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడే కొలిచి సర్దాలి. ఆ చోట ముందు సుద్దతో గుర్తు పెట్టాడు. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి తర్వాత ఏం చేశాడో నా కళ్లతో చూశాను. చైనును నెమ్మదిగా జరుపుతూ, గుడ్డతో ఒక్కో లింకునూ తుడిచి, టార్చి వెలుతురు పట్టాడు. బయటివైపు పలకలు నల్లగా నూనె మరకతో ఉన్నాయి. లోపలివైపు పలకలు అన్నీ, ఒక్కటి తప్పకుండా, కొత్త రూపాయిలా మెరుస్తున్నాయి. పళ్ల చక్రం పళ్లకు కూడా ఒకే పక్క తళుకు.

"ఇగో సూడుండ్రి సార్. చైను సక్కగ పోతలేదు. ఏటవాలుగ పోతున్నది. గందుకే ఏడుస్తున్నది."

ఉక్కు స్కేలు చైను మీద ఆనించి, కేసు అంచు నుంచి చైను ఎంత లోతున ఉందో ఇంజన్ చక్రం దగ్గర ఒకసారి, క్లచ్ దగ్గర ఒకసారి వెర్నియర్‌తో కొలిచాడు. రెంటికీ మధ్య తేడా ముప్పావు మిల్లీమీటరు దాటకూడదు. ఇక్కడ దాదాపు రెండు మిల్లీమీటర్లుంది. ముందు పళ్ల చక్రం క్రాంకు మీద ఉండాల్సిన చోట లేదు. దాని వెనక ఒక స్పేసరు ఉంటుంది. ఏ బండికి ఎంత మందం కావాలో ఆ బండి మీద కొలిచి వేయాలి. కంపెనీవాళ్లు వేరు వేరు మందాల్లో అమ్ముతారు కూడా. ఆల్టర్నేటరు రోటరు ఆ చక్రానికి వెనకే ఉంటుంది, అది తీయాలంటే ఇదంతా విప్పాలి. బావకు అప్పుడు గుర్తొచ్చింది, ఈ బండిని సెకండ్ హ్యాండుగా కొన్నప్పుడు పాత కాగితాల్లో స్టేటరు మార్చిన బిల్లు ఉందని. అప్పుడెవరో స్పేసరు మార్చి పెట్టారు. ఆ తర్వాత ఎన్ని చైన్లు వేసినా అదే ఏటవాలులో తిరిగాయి. చిక్కటి నూనె పోస్తే కొన్నాళ్లు చప్పుడు అణిగింది, అంతే.

నన్ను ఆయన దగ్గర కట్టిపడేసింది నైపుణ్యం ఒక్కటే కాదు. ఏ భాగమూ మార్చకముందే చప్పుడును వినడం, బండిని అడగడం, కాదన్నవాటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టడం. కొత్త చైను అమ్మితే ఆయనకే లాభం. అమ్మలేదు, పాత చైనునే కడిగి వేశాడు. బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. అన్నీ స్పేసర్లే, పాత బండ్లనుంచి దాచినవి. వెర్నియర్ పట్టుకుని ఒక్కొక్కటీ కొలుస్తూ సరిపోయేది ఏరాడు. ఈలోగా మాట్లాడాడు. కోరుట్లలో అమ్మ బీడీలు చుట్టేది. తను పద్దెనిమిదేళ్లకు లేబరు వీసా మీద వచ్చి లారీల గ్యారేజీలో టైర్లు విప్పాడు. పెద్ద బైకులు చేసే ఫిలిప్పీన్స్ మేస్త్రి పక్కన చేరాక ఈ పని పట్టుబడింది. బిడ్డ జగిత్యాలలో ఇంటరు చదువుతోంది, పాలిటెక్నిక్‌లో చేర్పించాలని ఉంది. "ఆమెకు మెకానికల్ అంటే ఇష్టం సార్" అన్నప్పుడు ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి.

స్పేసరు మార్చి, చక్రాలు సూటిగా ఉన్నాయో మళ్లీ కొలిచి, చైను ఆట బిగుతు చోట సర్ది, కొత్త గ్యాస్కెట్టు వేసి కవరు మూశాడు. స్టార్ట్ చేస్తే కూత లేదు. కొద్దిపాటి టకటక మిగిలింది, చైను ఉన్న ప్రతి ప్రైమరీకీ ఉండే చప్పుడే అది.

శుక్రవారం దుఖాన్ రోడ్డు మీద పడమటికి పోయాం. 1940 నాటికి ఆ దుఖాన్‌లోనే దేశంలో మొదటి చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బావులు మూసేశారు, 1949 చివర్లో గానీ చమురు ఓడ ఎక్కలేదు. జిక్రీత్ దగ్గర తారు రోడ్డు దిగి రాళ్ల దారిలో వెళ్తే, శిల్పి రిచర్డ్ సెర్రా 2014లో నిలబెట్టిన నాలుగు ఉక్కు పలకలు వస్తాయి. కిలోమీటరుకు పైగా దూరంలో వరసగా, పైకొసలన్నీ ఒకే మట్టానికి. నేల ఎత్తుపల్లాలను బట్టి కొన్ని 14 మీటర్లు దాటుతాయి, కొన్ని 16 దాటుతాయి. తుప్పు రంగు. ఎండలో వాటి నీడన కూర్చుని అక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాం. ఏ పలకా పక్కకు వాలలేదని బావ ఒక కన్ను మూసి సరిచూశాడు. స్పేసరు గొడవ బుర్రలోంచి ఇంకా పోలేదు మరి.

తిరిగి రాకముందు మరోసారి సనయ్యాకు వెళ్లాం. ఎనిమిది వందల కిలోమీటర్లు నడిచాక చల్లటి పొద్దున తెమ్మని ఆయన బావకు చెప్పాడు. నా బుల్లెట్టు ఫోటోలు అడిగి చూశాడు. ఆటోనగర్‌లో నా బండి చూసే మేస్త్రికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. పరిచయాలు రెండు ముక్కల్లో అయిపోయాయి. "బుల్లెట్టుకు ఇంజన్ కొంచెం వేడెక్కాకే ప్రైమరీ బిగించాలయ్యా, నలభై ఏళ్లుగా అట్టాగే చేస్తన్నా" అంది ఆ గొంతు. "లే మేస్త్రీ, సల్లగున్నప్పుడే, మీరొకపారి కొలిచి సూడుండ్రి" అన్నాడు ఈయన, వెర్నియర్ చేతిలో ఊపుతూ. కరక్ చాయ్ రెండోసారి తెప్పించాం. వాళ్లిద్దరూ ఇంకా ఆ వేడి దగ్గరే ఉన్నారు.