రాయవేలూరు బీడీల వీధిలో

మన తెలుగు సంఘాలలో రాయవేలూరు పేరు వినని కుటుంబం ఉండదేమో. గుండె ఆపరేషనుకో, కిడ్నీ జబ్బుకో, ఏ ఊరి డాక్టరుకూ అంతుపట్టని జ్వరానికో ప్రతి సంఘం నుండి ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి వచ్చినవారే. తిరుపతిలో ఎక్కితే పాకాల, చిత్తూరు మీదుగా రైలు కాట్పాడి చేరుస్తుంది. స్టేషను బయట ఆటోవాళ్లు మన ముఖం చూడగానే తెలుగులో పిలుస్తారు, మన వెనుక దిగినవారిని బెంగాలీలో పిలుస్తారు. పాలారు వంతెన దాటితే ఊరు. పేరుకు పాలారే గాని, ఏడాదిలో చాలా నెలలు అందులో కనబడేది ఇసుకే.

1900లో ఐడా స్కడ్డరు దొరసానిగారు ఒకే ఒక మంచంతో ఆరంభించిన వైద్యశాల ఈనాడు ఎంత వృక్షమైనదో వర్ణించనక్కరలేదు. మా స్త్రీల సమాజంలోని ఒక సహోదరి అక్కడ చికిత్స పొందుచుండగా ఆమెను చూచుటకు అయిదుగురం వెళ్లాము. పరామర్శ అయిన తరువాత సాయంకాలం వరకు మాకు పనిలేదు. అక్కడి సంఘంలో బీదల ఇండ్లు తిరిగి చూచే ఒక నర్సమ్మ, "కోట చూస్తారా, నాతో వస్తారా?" అని అడిగారు. కోట ఎక్కడికి పోతుంది? ఆమె వెంటే వెళ్లాము.

చిన్నల్లాపురం, రామనాయకన్‌పాళయం, కస్పా అనేవి వేలూరులో బీద ప్రజలు ఒత్తుగా నివసించే పేటలు. ఇరుకు సందులు, ఒకటే గది ఇండ్లు, గడపకు ఆనుకొనే మురుగు కాలువ. ఏ అరుగు మీద చూచినా ఆడవారు ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. ఆకూ పొగాకూ కంట్రాక్టరు ఇస్తాడు. ముందురాత్రి ఆకు నానబెట్టాలి, తెల్లవారి కొలతకు కత్తిరించాలి, పొగాకు నింపి చుట్టి దారం కట్టాలి. కూలి వెయ్యి లెక్కన. చెయ్యి ఆగితే కూలీ ఆగుతుంది, నానిన ఆకూ పాడవుతుంది. ప్రతి ఇంటి ముందూ రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరుసగా కనబడ్డాయి. కొళాయి రోజూ రాదట. వచ్చినప్పుడు పట్టి దాచుకొని, మళ్లీ వచ్చేదాకా ఆ నీళ్లే ముంచుకొని తాగాలి. ముంచే చెంబులో ఎన్ని చేతులు పడతాయో గృహిణులకు చెప్పనక్కరలేదు.

ఆ వీధిలో ఒక యువతి మా మాట విని, "మా అమ్మది చిత్తూరు పక్క అక్కా, రాండి" అని చాప వేసింది. ఆమె ఒడిలో పద్నాలుగు నెలల బిడ్డ. కళ్లు గుంటలు పడి, తొడల మీద చర్మం వదులై ఉన్నది. నీళ్ల విరేచనాలై ఆసుపత్రి నుండి వచ్చి నాలుగు రోజులే అయిందట. పుట్టినప్పటి నుండి ఇది మూడవసారి.

ఎంత ఖర్చయిందని మేము అడగలేదు, ఆమే వ్రేళ్లు మడచి చెప్పింది. మొదటి రోజు దిష్టి తీయించుటకు 50 రూపాయలు. మందుల షాపులో అడిగి తెచ్చిన సిరప్పు 120. రెండవ రోజు వీధి చివరి డాక్టరు ఫీజు 300, ఆయన వ్రాసిన ఇంజెక్షను, మందులు 480. ఆ రాత్రి బిడ్డ తల వాల్చేసింది. ఆటోకు 350, గ్లూకోజు ఎక్కించుకొని రెండు రోజులు ఉన్నందుకు నర్సింగు హోములో 3,200. మొత్తం 4,500. అంతేనా? భర్త మార్కెట్టులో మూటలు మోస్తాడు, మూడు రోజులు పనికి పోలేదు. అది 1,800. ఈమె అయిదు రోజులు బీడీ చుట్టలేదు. అది సుమారు 1,000. ఈ రెండూ ఏ బిల్లులోనూ ఉండవు. కాలి పట్టీలు కుదువపెట్టి 4,000 తెచ్చారట, నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ.

"సర్కారు ఆసుపత్రికి పోలేదా?" అని మాలో ఒకరు అడిగారు. అది ఊరి బయట అడుక్కంబారైలో ఉంది. "ఫ్రీనే అక్కా. అర్ధరాత్రి అంత దూరం ఎట్ల పోయేది? బిడ్డ తల వాల్చేస్తే దుడ్లు చూస్తామా?" అన్నది.

నర్సమ్మ ఆమెను ఏమీ అనలేదు. మొదటి రోజు ఓ.ఆర్.ఎస్. పొడి కలిపి పట్టావా అని మాత్రం అడిగారు. "పట్టినాను, కానీ బేదులు నిలవలేదు. అందుకే డాక్టరు దగ్గరికి పోయినాము" అని జవాబు. సంగతంతా ఇక్కడే ఉందని మాకు తోచింది. ఆ పొడి విరేచనాలను ఆపే మందు కాదు. పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి శరీరానికి ఇస్తుంది, అంతే. విరేచనాలు తమంతట తామే కొన్ని రోజులకు తగ్గుతాయి, అంతవరకు బిడ్డ ఎండిపోకుండా కాపాడడమే చికిత్స. తల్లికి ఈ మాట ఎవరూ విడమరచి చెప్పకపోతే, పనిచేయని మందని దాన్ని వదలి, డబ్బు పెట్టి ఇంజెక్షను కొంటుంది. వైరస్ వల్ల వచ్చిన విరేచనాలకు యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. అయినా ప్రతి చీటీలోనూ అవి ఉండనే ఉంటాయి.

ఈ ఉప్పు, చక్కెర నీటి వెనుక మన దేశపు చరిత్ర ఉంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకులు బనగాఁవ్ శిబిరాలలో కలరాతో రాలిపోవుచుండగా, ఎక్కించే సెలైను అయిపోయింది. డాక్టరు దిలీప్ మహాలనబిస్‌గారు ఉప్పు, గ్లూకోజు నీటిలో కలిపించి, బంధువుల చేతనే రోగులకు త్రాగించారు. నూటికి 30 మంది వరకు చనిపోయేచోట మరణాలు 4 కంటే తక్కువకు దిగాయి. ఆయన 2022లో మరణించారు, మరుసటి ఏట పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆ పొడి నేడు అంగన్‌వాడీలలో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తంగా కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టాలి. తల్లిపాలు మానరాదు. దానితోపాటు జింకు బిళ్ల 14 రోజులు ఇస్తే జబ్బు త్వరగా తగ్గుతుంది. బిడ్డ మగతగా పడి ఉన్నా, ఏమీ త్రాగలేకపోయినా, మలంలో రక్తం కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలసిందే. షాపులలో అట్టపెట్టెలలో అమ్మే తియ్యని పానీయాలు వేరు. అవి ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించుకొని ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. హైదరాబాదులోని ఒక పిల్లల డాక్టరమ్మ పట్టు విడువక పోరాడగా, 2025 అక్టోబరులో ఆ పేరు వాడరాదని ఆహార ప్రమాణాల సంస్థ ఆజ్ఞాపించింది. బీదతల్లి డబ్బుపెట్టి కొన్న ఆ డబ్బాలో చక్కెరే ఎక్కువ.

ఈ వీధుల పిల్లలకు వైద్యలోకం ఋణపడి ఉన్నదని నర్సమ్మ చెప్పగా ఆశ్చర్యపడ్డాము. ఇక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు గగన్‌దీప్ కాంగ్‌గారి బృందం ఈ పేటలలోని 373 మంది పిల్లలను పుట్టినది మొదలు మూడేండ్లు వెంబడించి చూచింది. రోటా వైరస్ ఒకసారి వచ్చి పోయేది కాదనీ, ఇక్కడి పిల్లలకు మళ్లీ మళ్లీ సోకుతుందనీ 2011లో ప్రకటించారు. తరువాత హైదరాబాదులో తయారైన రోటావాక్ చుక్కలను ఢిల్లీ, పూణే, వేలూరులలో 6,799 మంది శిశువులపై పరీక్షించారు. తీవ్రమైన రోటా విరేచనాలు మొదటి ఏడాదిలో సగానికి పైగా తగ్గాయి. 2016లో ప్రభుత్వం ఈ చుక్కలను ఉచితంగా ఇవ్వనారంభించిన మొదటి నాలుగు రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో వేస్తారు.

ఈ బిడ్డకు మూడుసార్లూ వేయించారు, కార్డు చూపించింది. అయినా జబ్బు చేసింది. రోటా ఒక్కటే గదా కాదు. బిందెలోని నీళ్లలో ఏమున్నదో ఎవరికి తెలుసు?

మార్కు సువార్తలో పండ్రెండేండ్లు జబ్బుపడిన స్త్రీని గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఆమె విశ్వాసము మనకు కంఠస్థం. ఆమె తన కున్నదంతా వైద్యులకు పోసి ఇంకా క్షీణించినదని సువార్తికుడు వ్రాసిన ముక్క మాత్రం చదివి దాటిపోతుంటాము. సంఘంలో ఎవరికైనా ఆపరేషను అంటే చందా పుస్తకం తిరుగుతుంది, ఆదివారం పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. అది మంచిదే. బేదులకు ఎవరు చందా వేస్తారు? ఆ ఇల్లాలు సిగ్గుపడి అడగదు, మనకూ అది అడగదగిన జబ్బుగా కనబడదు. ఏడాదికి రెండుసార్లు 4,000 చొప్పున అప్పు చేసే ఇల్లు, గుండె ఆపరేషను చేయించుకున్న ఇంటికంటె నెమ్మదిగా మునుగుతుంది, అంతే తేడా.

నర్సమ్మ సంచిలో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, జింకు బిళ్లలు, లీటరు గీత గీసిన ఒక సీసా ఉన్నాయి. ఆ సీసా ఎందుకని అడిగాము. "ప్యాకెట్టు ఇస్తే చాలదండీ, గ్లాసెడు నీళ్లలో కలిపేస్తారు. అలా అతి చిక్కగా పడితే బిడ్డకు హాని" అన్నారు. ఆమె రెండు ప్యాకెట్లు ఆ యువతి చేతికిచ్చి, బిడ్డకు మొదటి నీళ్ల విరేచనం కాగానే తనకు కబురు చేయమన్నారు.

పట్టీలు ఎప్పుడు విడిపించుకుంటావని మేము అడిగితే నవ్వింది. "నెలకు 120 వడ్డీ కట్టేదే కష్టంగా ఉంది అక్కా. అసలు సంగతి అప్పుడు చూస్తాము" అన్నది. అంతలో వీధి మొగదల కేకలు వినబడ్డాయి. కొళాయి వచ్చిందట. బిడ్డను మాలో ఒకరి ఒడిలో పెట్టి, బిందెలు తీసుకొని పరుగెత్తింది.