తలా యాభై... కుండ ఒక్కటే!

'ఆకలిగా లేదక్కా... మీరు వెళ్లిరండి.'

ఖమ్మం అబ్బాయి ఆ మాట అనడం అది నాలుగోసారి. ఒకసారి కడుపునొప్పి అన్నాడు. ఇంకోసారి పరీక్షలన్నాడు. మూడోసారి అసలు ఫోనే ఎత్తలేదు. విజయవాడ అక్కకి అప్పుడే అనుమానం వచ్చింది. రోజూ రాత్రి పదింటికి హాస్టల్లో రైస్‌కుక్కర్ మూత తీసి, ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడితో గిన్నె ఖాళీచేసే కుర్రాడికి ఆకలి లేకపోవడమేంటి?

చైనాలోని చెంగ్డూ నగరం. 2023 డిసెంబరు. అయిదుగురూ అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న తెలుగు పిల్లలు. విజయవాడ అమ్మాయి ఒక ఏడాది సీనియర్ కాబట్టి అందరికీ అక్క. మిగతా నలుగురూ 2019లో వెళ్లినవాళ్లు. గుంటూరు, కర్నూలు కుర్రాళ్లిద్దరు, వరంగల్ అమ్మాయి, మన ఖమ్మం అబ్బాయి. 2020 జనవరిలో సెలవులకని ఇళ్లకొచ్చారు. కరోనా మొదలైంది. తలుపులు మూసుకున్నాయి. చైనా మళ్లీ విద్యార్థులకు వీసాలివ్వడం మొదలుపెట్టింది 2022 ఆగస్టులో! ఆ రెండున్నరేళ్లూ పాఠాలన్నీ ఫోన్లో విన్నారు. చదువైతే ఆన్‌లైన్లోకి వెళ్లింది కానీ బ్యాంకు వడ్డీ మాత్రం వెళ్లలేదు. అది నెలనెలా ఇంటికే వచ్చింది. ఖమ్మం అబ్బాయి వాళ్ల నాన్నది మిర్చి సేద్యం. కొడుకు చదువు కోసం పొలం కాగితాలు బ్యాంకులో పెట్టాడు.

ఇదంతా అక్కకి తెలుసు. తెలియనిది ఒకటుంది. అది వరంగల్ అమ్మాయి చెప్పింది.

'ఏప్రిల్లో పుల్లల హోటల్‌కు పోయినం గుర్తుందా అక్కా? గప్పటి సంది వస్తలేడు.'

చెంగ్డూలో సందుకొకటి కనిపిస్తాయి ఆ పుల్లల హోటళ్లు. ఛ్వాన్‌ఛ్వాన్ అంటారు. సన్నటి వెదురు పుల్లలకి మాంసం ముక్కో, బంగాళాదుంప చెక్కో, తామరదుంపో గుచ్చి ఉంటాయి. నచ్చినన్ని తెచ్చుకుని, బల్ల మీద మరుగుతున్న ఎర్రటి పులుసులో ముంచి ఉడికించుకోవాలి. తిన్న తర్వాత పుల్లలు లెక్కపెట్టి బిల్లు వేస్తారు. ఒక్కో పుల్ల ఒక యువాన్‌లోపే ఉంటుంది. అంటే మన డబ్బుల్లో పది రూపాయలకు అటూ ఇటూ. విద్యార్థులకి అంతకంటే చవకైన షికారు ఉంటుందా అనిపిస్తుంది. అనిపించడమే. ఆ రోజు ఎవరి పుల్లలకి వాళ్లే డబ్బులిచ్చుకుందామనుకున్నారు. లెక్కపెడితే గుంటూరు కుర్రాడి ముందు 46 పుల్లలు. ఖమ్మం అబ్బాయి ముందు 11.

'ఏరా, డైటింగా?' అన్నారెవరో. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

అంతే. ఆ తర్వాత అతనికి ఆకలి లేకుండా పోయింది.

అందుకే ఈసారి అక్క పుల్లల హోటల్ వద్దంది. అసలు హాట్‌పాట్‌కే వెళ్దామంది. 'అది ఖరీదు కదక్కా' అన్నాడు కర్నూలు కుర్రాడు. నిజమే. కానీ కుండలో వేసిన ముక్క ఎవరిదో ఎవరికీ తెలియదు కదా!

ఇంతకీ ఈ హాట్‌పాట్ కూడా ఒకప్పుడు లేనివాళ్ల తిండే. సిచువాన్‌కి ఆనుకుని ఉన్న చోంగ్‌కింగ్ దగ్గర యాంగ్జీ, జియాలింగ్ నదులు కలుస్తాయి. ఆ రేవుల్లో పడవలు లాగేవాళ్లు, మూటలు మోసేవాళ్లు దీన్ని మొదలుపెట్టారని చెబుతారు. ఉన్నవాళ్లు మంచి మాంసం పట్టుకుపోతే చవగ్గా మిగిలేవి బోటీ, పేగులు. వాటి నీచువాసన పోవాలంటే కారం, మసాలా దట్టించాలి. నది గాలికి ఒణికే ఒంటికి వేడిగా ఉండాలి. అదే ఈ ఎర్రటి పులుసు. తొమ్మిది గడులుండే ఇనుప చట్రాన్ని కుండలో దించేవారు. ముక్కూమొహం తెలియని కూలీలు చుట్టూ చేరి ఎవరి గడిలో వాళ్లు ఉడికించుకునేవారట. ఆ గడుల చట్రం ఇప్పటికీ చాలా హోటళ్లలో కనిపిస్తుంది, ముచ్చటకి. బోటీ మాత్రం ఇప్పుడు చవక కాదు. బోటీ లేకపోతే అది హాట్‌పాటే కాదంటారు అక్కడివాళ్లు.

సరే, ఖమ్మం అబ్బాయిని రప్పించడమెలా? 'మేం పెట్టుకుంటాం రా' అంటే రాడు. అక్క వేరే దారి పట్టింది. 'ఒరేయ్, ఈ నెల నా దగ్గర డబ్బుల్లేవు. తలా యాభై. బిల్లు రెండొందల యాభై దాటితే నేను రాను. నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదా, వచ్చి చూసుకో' అంది. అతనికి పని అప్పగించింది. పని ఉన్నచోటికి వచ్చేవాడికి ఆకలి ఉందా లేదా అని ఎవరూ అడగరు.

వచ్చాడు. వచ్చి నిజంగానే లెక్క పట్టాడు.

అక్కడ ఫోన్లో కూపన్లు దొరుకుతాయి. నలుగురికి సరిపడా భోజనం 168 యువాన్లు. అందులో కుండ, పులుసు, ఆరు పళ్లేలు. నలుగురి కూపన్ మీద అయిదుగురు కూర్చోవచ్చా అని ముందే అడిగేశాడు. కూర్చోవచ్చు, కానీ నంజుకునే గిన్నెకి తలా 4 యువాన్లు. అంటే మరో 20. బల్ల మీద పెట్టే కాగితపు రుమాళ్లకి కూడా డబ్బులే! అవి వద్దని పక్కన పెట్టించాడు. అక్క సంచిలోంచి హాస్టల్ రుమాళ్లు తీసింది. టీ పోయడానికొచ్చిన అమ్మాయికి మామూలు వేడినీళ్లు చాలన్నాడు. చైనాలో వేడినీళ్లకి ఎవరూ డబ్బులడగరు.

పులుసు దగ్గర చిన్న చిక్కొచ్చింది. సిచువాన్ ఎర్ర పులుసుకి ఆ చిక్కదనం గొడ్డుకొవ్వు వల్లే వస్తుంది. వరంగల్ అమ్మాయి గొడ్డుమాంసం ముట్టదు. ముక్కలు పక్కన పెట్టొచ్చుగానీ పులుసునేం చేస్తారు? మొదటిసారి వెళ్లే మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తిన్నాకే తెలుస్తుంది. దానికీ మార్గముంది. నూనెతో చేసిన పులుసు కావాలని అడగాలి. 'ఛింగ్‌యౌ' అంటే చాలు. కుండని మధ్యలో అడ్డుగోడతో రెండుగా చేయించుకున్నారు. ఒక సగం నూనె పులుసు, ఇంకో సగం టమాటా. ఆ టమాటా సగాన్ని చూసి గుంటూరు కుర్రాడు 'మా ఇంటి చారే' అన్నాడు. గొడ్డుమాంసం పళ్లేన్ని కోడి ముక్కలుగా మార్పించారు.

పులుసు మరిగింది. ఆవిరికి అందరి కళ్లజోళ్లూ తెల్లబడ్డాయి.

సిచువాన్ కారం మన కారంలాంటిది కాదు. మనది మండుతుంది. అది మండుతూనే తిమ్మిరెక్కిస్తుంది. ఆ తిమ్మిరి హ్వాజియావ్ అనే చిన్న కాయది. మిరియమంత ఉంటుంది కానీ మిరియం కాదు. గోవా, కొంకణ్ వైపు చేపల పులుసులో వేసే తిర్ఫల్‌కి చుట్టం. 2013లో లండన్ పరిశోధకులు దీన్ని పెదవులకి రాసి చూశారు. సెకనుకి 50 సార్లు కొట్టుకున్నట్టు ఉంటుందని తేల్చారు. అంటే ఆ తిమ్మిరి రుచి కాదు, స్పర్శ! నంజుకోవడానికిచ్చే గిన్నెలో నువ్వులనూనె, దంచిన వెల్లుల్లి ఉంటాయి. ఉడికిన ముక్కని అందులో ముంచితే మంట తగ్గుతుంది. ఆవకాయలో నువ్వులనూనె పోసుకునే జాతికి ఇది ఎవరైనా నేర్పాలా?

ఖమ్మం అబ్బాయి చాప్‌స్టిక్స్‌తో పులుసులోంచి ఒక మిరపకాయ పైకి తీశాడు. దీపం వెలుతురులో తిప్పి చూశాడు.

'ఇది మనది కాదు. తేజా ఇంత బొద్దుగా ఉండదు. సన్నగా ఉంటది' అన్నాడు.

ఆ మాటకి కారణముంది. గుంటూరు, ఖమ్మం మార్కెట్ల నుంచి వెళ్లే తేజా మిర్చిని భారీగా కొనే దేశాల్లో చైనా ముందుంటుంది. చైనా కొనుగోళ్లు తగ్గాయని యార్డులో మాట వస్తే చాలు, ధర జారిపోతుందేమోనని రైతు గుండె జారుతుంది. నాన్న మిర్చి ఏ ఓడెక్కి ఎక్కడికి వెళ్తుందో అతనికి తెలియదు. చూసిన ప్రతి కుండలోనూ వెతుక్కోవడం మాత్రం అలవాటైపోయింది. ఆ సాయంత్రం అతను మిర్చి గురించి చాలాసేపు మాట్లాడాడు. తామర పురుగు గురించి, కల్లంలో కాయలు ఆరబోస్తే రాత్రిపూట వచ్చే ఘాటు గురించి. ఏప్రిల్ నుంచి అతను అంతసేపు మాట్లాడటం వాళ్లు వినలేదు. మాటల్లో పడి తింటూనే ఉన్నాడు. పళ్లేలు ఎప్పుడు ఖాళీ అయ్యాయో ఎవరూ చూడలేదు. బోటీ ఒక్కటే జాగ్రత్తగా చూసుకున్నారు. 'ఏడు పైకి, ఎనిమిది కిందికి' అని అక్కడో లెక్క. పదిహేను సార్లు ముంచి తీస్తే చాలు. ఇంకాస్త ఉంచితే రబ్బరే.

బంగాళాదుంప, తామరదుంప, క్యాబేజీ సగం పళ్లేలు అడిగారు. సగానికి ఇస్తారన్న సంగతి మెనూలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక్కోటి 8 యువాన్లు. చిలగడదుంప పిండితో చేసిన సేమ్యా ఒక పళ్లెం 10. కారానికి తట్టుకోలేక కర్నూలు కుర్రాడు పుల్లటి రేగుపండు షర్బత్‌లాంటిది ఒక జగ్గు తెప్పించాడు. దానికి 18. ఆ జగ్గు వస్తుంటే అక్క ఖమ్మం అబ్బాయి వంక చూసింది. అతను ఫోన్లో కూడుతున్నాడు.

'ఎంతైందిరా?'

'రెండొందల నలభై.'

'హమ్మయ్య' అంది అక్క. బయటికి వెళ్లడానికి కోటు తొడుక్కోబోయింది. గుంటూరు కుర్రాడు మంట తగ్గించాడు.

ఖమ్మం అబ్బాయి కుర్చీలోంచి లేవలేదు. కుండలోకి చూశాడు. పులుసు ఇంకా సగానికి పైనే ఉంది.

'ఇంకా పది మిగిలింది కదక్కా... సేమ్యా ఇంకో పళ్లెం చెప్పనా? ఆకలిగానే ఉంది.'

అక్క కోటు తీసేసి మళ్లీ కూర్చుంది. గుంటూరు కుర్రాడు మంట పెంచాడు.