మీటరు దాటాక (వాడ నుంచి – 17)

పోయిన వారం అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు ఎదురైన ప్రశ్న గురించి రాశాను. "మీరేవుట్లు?" అన్న ఆ ప్రశ్న మీద చాలామంది మీ అనుభవాలు పంపారు. ఆ బాధ పడలేక బ్యాంకు లోను పెట్టి ఒక పాత ఇల్లు కొందామనుకున్నాం. ఈ వారం సంగతి ఆ ఇంటి స్విచ్ బోర్డు దగ్గరిది. దానికి ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1999 వానాకాలం. నేను ఆరో తరగతి. పల్లెలో మా ఇంటికీ చిన్నాన్న ఇంటికీ కలిపి ఒకటే మీటరు. ఇంట్లోంచి ఒక వైరు లాగి, పెరట్లో తడికెల స్నానాలగదికి బల్బు పెట్టుకున్నాం. వైరు మధ్యలో అతుకు, అతుకు మీద టేపు. కిందికి వేలాడకుండా దాన్ని దండెం తీగకు చుట్టారు. గాలికి రాసుకుని రాసుకుని టేపు ఊడింది. వాన వెలిసిన సాయంత్రం చిన్నాన్న తడి లుంగీ ఆరేయబోయి దండెం పట్టుకున్నాడు. మళ్ళీ వదల్లేకపోయాడు.

ఊళ్ళో వాళ్ళు "తాగి ఉంటాడు" అన్నారు. చిన్నాన్నకు తాగుడు లేదు. చూడటానికొచ్చిన అధికారి "మీటరు దాటాక మా బాధ్యత కాదు" అన్నాడు. మా వాళ్ళు మాత్రం ఇప్పటికీ ఒకటే మాట అంటారు: "కరెంటు కొట్టి పోయాడు."

నేను పిల్లలకు తెలుగు వ్యాకరణం చెబుతాను. "కరెంటు కొట్టింది" అనే వాక్యంలో కర్త ఎవరు? కరెంటు. నాసిరకం వైరు అమ్మినవాడు, అతుకు వేసినవాడు, ఒక బల్బుకు కనెక్షన్ ఇచ్చి మిగతాది మీరే చూసుకోండన్న వ్యవస్థ, వీళ్ళెవరూ ఆ వాక్యంలోకి రారు. పిడుగు పడ్డట్టు, పాము కరిచినట్టు అది దైవం చేసిన పని అయిపోతుంది.

చిన్నాన్న కొడుక్కి అప్పుడు ఐదేళ్ళు. వాడు పెద్దయ్యాక పట్టుబట్టి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు తీసుకున్నాడు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

కొనబోయే ఇల్లు చూడమని తమ్ముణ్ణే పిలిచాను. ఇంటాయన వాస్తు గురించి చెబుతుంటే వాడు ఫ్రిజ్ వెనక ఉన్న త్రీపిన్ సాకెట్ విప్పాడు. పైన ఉండే పెద్ద కన్నం ఎర్త్‌ది. ప్లగ్గులో ఆ పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా ఉంటుంది, అన్నిటికన్నా ముందు తగిలి, అన్నిటి తర్వాత ఊడాలని. ఆ కన్నం వెనక వైరే లేదు. ఇంకో గదిలో న్యూట్రల్ నుంచే చిన్న ముక్క తెచ్చి ఎర్త్‌కి కలిపారు. "ఇది ఇంకా ప్రమాదం అన్నా. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే మిషన్ బాడీ మొత్తానికి కరెంటు వస్తది" అన్నాడు. హాల్లో స్విచ్చి ఫేజ్‌కి బదులు న్యూట్రల్ మీద ఉంది. అంటే స్విచ్చి ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. ఆపాం కదా అని బల్బు మార్చబోయినవాడి సంగతి ఆలోచించండి.

"ఇరవయ్యేళ్ళున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు ఇంటాయన.

"పనిచేసే ఆవిడ ఎప్పుడూ ఏం చెప్పలేదా సార్?" అని అడిగాడు తమ్ముడు.

ఇంటావిడ అంది: "అవును, తడిగుడ్డ పెట్టేటప్పుడు ఫ్రిజ్ తగిలితే జిల్లుమంటోందని అంటుండేది. చెప్పులేసుకుని తుడవమన్నాం."

ఆ ఇంట్లో అందరూ చెప్పులతో తిరుగుతారు. ఆవిడొక్కతే ఒట్టి కాళ్ళతో, తడి నేల మీద. ఎర్త్ వైరు లేని ఆ ఇంటికి ఇన్నేళ్ళూ ఎర్త్ ఆవిడే.

బయటికొచ్చాక తమ్ముడు చెప్పింది మీ కోసం రాస్తున్నాను. "ఎంసీబీ ఉంది కదా" అన్నాను నేను. "అది వైరును కాపాడుద్ది అన్నా, మనిషిని కాదు" అన్నాడు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణానికి గీసిన హద్దు 30. ఆ 30 దగ్గర పడిపోయేది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని అది చూస్తుంటుంది. మధ్యలో ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతే సెకనులో మూడో వంతు లోపే ఆపేస్తుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో కూడా పనిచేస్తుంది. అయితే ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకున్న మనిషిని అది కాపాడలేదు. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి. నొక్కితే పడాలి. పడకపోతే మార్చాలి.

ఇల్లు కొనేవాళ్ళు రిజిస్ట్రేషన్‌కి ముందే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్ళండి. ఆర్‌సీసీబీ ఉందా, ఎర్త్ గుంత ఎక్కడుంది, గీజరుకీ ఏసీకీ మెయిన్ నుంచి విడిగా లావు వైరు వచ్చిందా అని అడగండి. మేం రీవైరింగ్ ఖర్చు తగ్గించి ఇస్తేనే తీసుకుంటామన్నాం. బేరం ఇంకా తెగలేదు.

ఇది ఇల్లు కొనగలిగిన వాళ్ళ సంగతి. కొనలేని వాళ్ళ మాటేంటి? 2010 నాటి కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నియమాల్లో ఇలాంటి పరికరం తప్పనిసరి అన్నారు. 5 కిలోవాట్ల లోపు చిన్న కనెక్షన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. తర్వాత ఆ హద్దు తగ్గింది గానీ మినహాయింపు పోలేదు. ఆ చిన్న కనెక్షన్లు ఎవరి ఇళ్ళో మీకు తెలుసు. ఆంధ్రాలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. మంచిదే, పోరాడి తెచ్చుకున్నదే. కానీ ఆ ఉచితం మీటరు దాకా వచ్చి ఆగిపోతుంది. మీటరు దాటాక అవే అతుకులు, అదే టేపు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు విద్యుత్తు కూడా ఆయన శాఖ కిందే ఉండేది. జయంతికి కట్టే సీరియల్ బల్బుల మధ్య ఆ సంగతి మనం మాట్లాడుకోం. కాలనీలో ప్రతి ఇంటికీ ఒక ఆర్‌సీసీబీ, ఒక ఎర్త్ గుంత కావాలని అర్జీ పెట్టడం కూడా అంబేడ్కరిజమే. హాస్టల్ విద్యార్థులారా, మీ హాస్టల్ మెయిన్ బోర్డు దగ్గర నిలబడి, టెస్ట్ బటన్ నొక్కి చూపించమని వార్డెన్‌ని అడగండి.

పోయిన ఆదివారం తమ్ముడు పల్లెలో వాళ్ళింటికి ఆర్‌సీసీబీ బిగించాడు. పిన్నితో బటన్ నొక్కించాడు. టక్కున ఇల్లంతా ఆగిపోయింది. పిన్ని కాసేపు దానివైపే చూసి, "ఇది అప్పట్లో ఉండేదారా?" అంది.

"ఉండేదమ్మా" అన్నాడు వాడు. "మన దాకా రాలేదు."

జై భీమ్.