మందు వలన కాలేయమునకు హాని – స్టీరాయిడ్ ఎవరికి మేలు చేస్తుంది?

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో కళ్ళు పచ్చబడగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది పసరు మందు. నేను చూసిన కామెర్ల రోగులలో చాలామంది పసరు తాగియో, చేతికి వాత పెట్టించుకొనియో వచ్చినవారే. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వలన కలిగే కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి కనుక ఆ మేలు పసరు ఖాతాలో పడుతుంది. కాని కాలేయము మందు వలననే దెబ్బతిన్నప్పుడు దానిపై ఇంకొక మందు పోయుట ప్రమాదకరము.

మనము మింగే మందులలో చాలావాటిని మార్చి బయటకు పంపే పని కాలేయానిదే. అందుచేతనే కొన్ని మందుల హాని దానికే ముందు తగులుతుంది. మన దేశములో ఈ హానికి ముఖ్య కారణము క్షయవ్యాధికి వాడే ఐసోనయజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్‌లు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, మూత్రాశయ వ్యాధులకు దీర్ఘకాలము వాడే నైట్రోఫ్యురాంటోయిన్, కొన్ని మూలికలు కూడా కారణము కావచ్చు. కారణమైన మందును ఆపుటయే మొదటి చికిత్స. ఎక్కువమంది కొన్ని వారములలోనో, నెలలలోనో కోలుకుంటారు. క్షయ మందులను మాత్రము రోగి తనంతట తాను మానరాదు. వైద్యులు వాటిని ఆపి, కాలేయము కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెడతారు.

మందు ఆపినా కొద్దిమందిలో కాలేయ తాపము ఆరు నెలలు, ఏడాది దాటినా తగ్గదు. వారిలో కొందరికి దేహ రక్షణ వ్యవస్థయే కాలేయ కణములపై దాడి చేస్తుంటుంది. స్టీరాయిడ్‌లు పనికివచ్చేది ముఖ్యముగా వీరికే. మిగిలినవారిలో వాటి వలన ప్రయోజనము ఋజువు కాలేదు.

కోవిడ్ రోజులలో బొబ్బిలి సమీప గ్రామమునకు చెందిన, ఏభై దాటిన ఒకావిడ రోగనిరోధక శక్తి కోసమని నెలల తరబడి తిప్పతీగ కషాయము తాగింది. కామెర్లు వచ్చాక మానివేసింది. పచ్చదనము తగ్గింది గాని, 40 లోపు ఉండవలసిన ఏఎల్‌టీ ఏడు నెలల తరువాత కూడా 300 దాటి ఉంది. రక్తములో ప్రతిరక్షకములు, బయాప్సీలో కాలేయ తాపము కనిపించాయి. ముంబయి వైద్యులు ఇటువంటి ఆరుగురు రోగుల వివరములను 2021లో ప్రచురించారు. తిప్పతీగ సురక్షితమని చెబుతూ కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. ఈమెకు ముందునుంచే థైరాయిడ్ వ్యాధి ఉన్నందున నాకు అనుమానము బలపడింది.

హెపటైటిస్ బి, క్షయ, మధుమేహము లేవని తేల్చుకొన్న తరువాతనే ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టాము. హెపటైటిస్ బి దాగి ఉన్నవారికి స్టీరాయిడ్ ఇస్తే ఆ వైరస్ విజృంభించవచ్చు. మూడవ వారములో ఆమె ముఖము ఉబ్బింది. "ఇరుగుపొరుగోళ్ళంతా భయపెడతన్నారు బాబూ, మానేస్తాను" అంది. హఠాత్తుగా మానితే, అంతవరకు విశ్రమించిన అధివృక్క గ్రంథులు వెంటనే పనిచేయలేవనీ, ప్రాణము మీదకు రావచ్చుననీ, కాలేయ తాపము కూడా తిరగబెట్టవచ్చుననీ నచ్చజెప్పవలసి వచ్చింది. రెండు నెలలలో ఏఎల్‌టీ 50కి దిగింది. మోతాదును మెల్లమెల్లగా తగ్గించి, ఏడాదికి పూర్తిగా ఆపాము. వ్యాధి తిరిగి రాలేదు. ఆపిన తరువాత తిరగబెట్టకపోవుట, అది మందు వలన కలిగిన తాపమే అనుటకు ఒక సూచన. ముందునుంచి దాగి ఉన్న ఆటోఇమ్యూన్ వ్యాధి అయితే తరచు తిరగబెడుతుంది. అందువలన ఆమె ఇప్పటికీ పరీక్షలు చేయించుకొంటుంది.

విచిత్రమేమిటంటే, స్టీరాయిడ్ పేరు వింటే ఇంతగా భయపడే మన పల్లెలలోనే కీళ్ళ నొప్పులకు, జ్వరాలకు పేరు తెలియని సూదిమందులోనో, మాత్రలోనో అదే స్టీరాయిడ్ తీసుకొనేవారు ఎందరో ఉన్నారు. అవసరమైన చోట భయము, అనవసరమైన చోట నిర్భయము! మందు ఒకటే, ఎవరికి, ఎందుకు, ఎంతకాలము అన్న విచక్షణయే దానిని అమృతమో, విషమో చేస్తుంది.

మందులు వాడేటప్పుడు వాంతులు, విపరీతమైన నీరసము, ముదురు రంగు మూత్రము, కళ్ళలో పచ్చదనము కనిపిస్తే ఆలస్యము చేయక వైద్యుల వద్దకు వెళ్ళండి. మందు వలన కాలేయ కణములు నశించి కామెర్లు కూడా వచ్చినవారిలో పది మందికి ఒకరైనా మరణించే ప్రమాదముంది. వెళ్ళేటప్పుడు గత ఆరు నెలలలో వాడిన ప్రతి మాత్రల అట్టను, సీసాను, చూర్ణపు పొట్లమును సంచిలో వేసుకొని తీసుకువెళ్ళండి. పసరు తాగి ఉంటే మొగమాటపడక ఆ సంగతి కూడా చెప్పండి.