చుక్కలముగ్గును గృహశిల్పమును



గృహమును గట్టించువారెవరైనను, వంటయింటి పొగ యెటు బోవునో, పడమటియెండ యే గోడను గాల్చునో చక్కగా నెఱిగినవారము మనమే. అట్టి మన బాలికలు గృహశిల్పవిద్య నభ్యసించుచుండుట మాకు మిక్కిలి సంతోషము. విజయవాడయందు 2008వ సంవత్సరమున ఈ విద్యకై కేంద్రప్రభుత్వ విద్యాలయమొకటి స్థాపింపబడినది. ఐదేండ్ల చదువిది. మా అక్కగారి కుమార్తెయు వేరొకచోట ఈ విద్యనే చదువుచున్నది.

ఆమెకు మంచి కంప్యూటరు కావలసివచ్చినది. వ్యయము స్వల్పము కాదు. బావగారు, “బొమ్మ గీయునది యంత్రమే యైనచో మన పిల్ల నేర్చునదేమి?” యని సందేహించుచున్నారు. ఈ ప్రశ్న యొక్క యింటిది మాత్రమే కాదు గనుక మాకు దోచిన సమాధానము నిచట విన్నవింతుము.

1963లో అమెరికాయందు ఐవాన్ సదర్లాండ్ అను నతడు, తెరపై వెలుగుకలముతో గీతలు గీయు ‘స్కెచ్‌పాడ్’ అను సాధనమును గల్పించెను. 2007లో ‘గ్రాస్‌హాపర్’, అనగా మిడత, యను సాధనము పుట్టినది. దీనితో విద్యార్థిని ఆకృతిని గీయదు. ఆకృతి యెట్లు పుట్టవలెనో ఆ నియమమును గూర్చును. ఒక్క అంకెను మార్చినచో కప్పంతయు మారును.

ఇది మన కెఱుగని విద్యయా? ఐదు చుక్కల మెలికలముగ్గు నేర్చిన పిల్ల, ఆ నడకతోడనే తొమ్మిది చుక్కలకు బెంచును. ఆమె నేర్చినది బొమ్మ కాదు, నియమము. మద్రాసు క్రైస్తవకళాశాలకు జెందిన గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి దంపతులు కమలా కృతివాసన్ గారితో గూడి, ముగ్గులను వ్యాకరణసూత్రములవలె నియమబద్ధము జేయవచ్చునని 1974లో వ్యాసము ప్రకటించిరి. ఆ మువ్వురిలో నిద్దరు స్త్రీలే.

మఱియొక యుదాహరణము. మెడలోని గొలుసును రెండుచేతుల బట్టి వ్రేలాడదీయుడు. ఆ వంపును దలక్రిందులు చేసిన దృఢమైన కమాను యాకృతి యగునని రాబర్ట్ హుక్ 1675లో దెలిపెను. స్పెయినుదేశపు శిల్పి గౌడీ త్రాళ్లకు బరువుసంచులు గట్టి చర్చి కమానుల నిట్లే రూపించెను. నేడు కంప్యూటరు క్షణములో జూపునది ఆ వంపునే. గొలుసు నెఱిగిన పిల్లకు యంత్రము దాసి. ఎఱుగని పిల్లకు అది యజమానురాలు.

అయినను ఒక హెచ్చరిక. మయసభలో దుర్యోధనుడు నేలను నీరనియు, నీటిని నేలయనియు భ్రమసెను. తెరపైని సొగసు నట్టిదే. గత సెలవులలో ఆ బిడ్డ నాయుడుపేటకు వచ్చి, మా యింటికి అలవంటి కప్పొకటి తెరపై గల్పించినది. చూడ ముచ్చటగ నున్నది. “అమ్మాయీ, కార్తికమాసపు తుపానువాన యెచట బడును?” అని యడిగితిమి. చూడగా నీరంతయు పొరుగువారి గుమ్మముపై బడునట్లున్నది. “పిన్నీ, కంప్యూటరు ఇది నన్నడుగలేదు,” అని నవ్వి, రెండంకెలు మార్చి ధారను మా పెరటి కొబ్బరిచెట్టు మొదటికి మరల్చినది.

యంత్రము అడుగని ప్రశ్నను అడుగ నేర్చుటయే ఆమె విద్య. ఆ ప్రశ్నలు మన వంటయిండ్లలో, పెరళ్లలో నున్నవి. కావున తల్లిదండ్రులు శక్తికొలది యంత్రమును గొనియీయవలెను. తల్లులు తమ యనుభవమును దానితో జేర్చి యీయవలెను. బావగారికిని ఇట్లే వ్రాసియున్నాము.